నాలుగు నెలల విశ్రాంతి చీటీ

నాకు భయం పుట్టుకతోనే వచ్చింది. కుక్కర్ కూసినా ఉలిక్కిపడతాను. నా చెల్లేమో ఇనుప వల బోనులో జరిగే కొట్లాట పోటీల్లోకి దిగి ఎదుటివాళ్లను మట్టికరిపించే రకం. ఒక్క కడుపున పుట్టామంటే ఎవరూ నమ్మరు. నేను ఫిజియోని. అది ఒళ్లు హూనం చేసుకొస్తుంది, నేను బాగుచేస్తాను.

పోయినేడాది దాని మోకాలు వాచింది. రెండు నెలల్లో తగ్గే దెబ్బ. అంతే రాస్తే, దాన్ని ఒప్పందం మీద ఆడించే ఫైట్ల కంపెనీ అవి తీరిన మర్నాడే బోనెక్కిస్తుందని హడలిపోయి, నాలుగు నెలల విశ్రాంతి కావాలని రాసి సంతకం పెట్టాను. అబద్ధమే. అది రెండు నెలలకే గెంతుతూ సాధనకు వెళ్లిపోయింది. నా మాట ఎప్పుడు విన్నది గనక!

గాయంతో ఆడని రోజులు ఒప్పందం గడువుకు అదనంగా కలుస్తాయి. చెల్లి రెండు నెలలే కలుపుకుని, పోయిన నెలతో గడువు తీరిందనుకుని, పోటీ కంపెనీకి సంతకం చేసేసింది. పదేళ్లుగా కలవరిస్తున్న టైటిల్ ఫైట్ ఆ కొత్త కంపెనీలో ఈ శనివారమే. సోమవారం పాత కంపెనీ నోటీసు దిగింది: నాలుగు నెలలు కలపాలి, ఇంకో నెల మా మనిషే. ఆధారం నా చీటీ.



"మధ్యవర్తి దగ్గరికొచ్చి రెండు నెలలే అని చెప్పక్కా, చాలు," అంది చెల్లి.

చెబితే దొంగ సర్టిఫికెట్ ఇచ్చానని నా లైసెన్సు ఊడుతుంది. మూడు రోజులు ముద్ద దిగలేదు.

గురువారం మధ్యవర్తి గదిలో, పాత కంపెనీ లాయరు చీటీని నా ముందుకు తోశాడు. "సంతకం మీదేనా మేడమ్?"

"నాదేనండీ."

"రాసింది నిజమేనా?"

బల్ల కింద నా మోకాళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. చెల్లి చెయ్యి వాటిమీద పడి గట్టిగా నొక్కింది, దాని మోకాలు నేను నొక్కినట్టే.

"నిజమేనండీ," అంది చెల్లే. "నాలుగు నెలలూ కుంటుతూనే ఉన్నాను. ఆవిడనేం అడుగుతారు, మోకాలు నాది కదా!"

మధ్యవర్తి నావైపు చూశాడు. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నేను చెల్లి చెప్పిందే నిజమన్నట్టు తలూపాను.

శనివారం తన బదులు దిగినమ్మాయిని అది టీవీలో చూస్తోంది. పక్కన కూర్చునే మొహం లేక నేను వంటింట్లో దూరాను. కుక్కర్ కూసింది. గరిటె జారి కింద పడింది.

"భయపడకక్కా, కుక్కరేలే," అంది చెల్లి, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.