‘ఏందీ’ అని పలికింది ఎవరు?

పత్రికలో పనిచేసినన్నాళ్లూ దయ్యాల వార్త నా బల్ల మీదికి వస్తే, చూసినవాళ్ల పేర్లు అడిగేవాణ్ణి. పేర్లు ఉండేవి కావు. వార్త చెత్తబుట్టలోకి పోయేది. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇది రాయడానికి ఇంతకాలం వెనకాడింది అందుకే. దీనికి పేర్లున్నాయి. చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఎండాకాలం, ఆదివారం మధ్యాహ్నం. హాస్టలు వసారాలో నేనూ కోటయ్యా ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నాం. వంటగది వెనక రాతి గుంట ఉంది. అటు నుంచి ఎవరో “బావా!” అని పిలిచారు.

అది కోటయ్య గొంతు. కోటయ్య నా ఎదుటే ఉన్నాడు. ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. పెదవులు మూసే ఉన్నాయి. నేను గుంట వైపు తల తిప్పాను. సరిగ్గా అప్పుడే, మేం కూర్చున్న చోటి నుంచే “ఏందీ?” అని జవాబు వినిపించింది.

ఆ చిన్న మాటకు మేమిద్దరం ఎందుకంత భయపడ్డామో చెప్పాలంటే మా కాలేజీ సంగతి చెప్పాలి.

నరసరావుపేట పొలిమేరలో ఉపాధ్యాయులను తయారుచేసే కాలేజీ అది. యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరక్క, పొద్దుండగానే చదువులు ముగించుకునేవాళ్లం. భవనానికి కావలసిన రాయి ఆ స్థలంలోనే తవ్వారట. తవ్వగా మిగిలిన గుంట వానలకు నిండి, పూడ్చేవాళ్లు లేక అలాగే ఉండిపోయింది.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం చెప్పింది మేష్టర్లు కాదు, మస్తాన్. అతనిది గురజాల, మాకంటే ఏడాది ముందు చేరాడు. మమ్మల్ని వసారాలో వరసగా నిలబెట్టి, తను తిన్నె మీద కూర్చున్నాడు.

“ఒరేయ్ కొత్తోళ్లూ, ఈడ మిమ్మల్ని ఎవురు పిలిచినా ఏంది అనమాకండి. గుంట పిలిచిద్ది. మీకు తెలిసినోళ్ల గొంతుతోనే పిలిచిద్ది. ఏంది అన్నోడు దాంట్లోకి నడుస్తా పోతాడు.”

“మరేమనాలన్నా?” అని ఒకడడిగాడు.

“నేను గాదు, అనాల.”

పల్నాటివాణ్ణి పిలిస్తే “ఏందీ” అనకుండా ఉండటం తుమ్ము ఆపుకున్నంత కష్టం. తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్లు “ఏమిటి” అంటారు కాబట్టి వాళ్ల జోలికి గుంట రాదని ఒక వేళాకోళం. గుంటలో మొదట పోయింది రాళ్లు కొట్టే మనిషని ఒకరనేవారు. కాదు, పరీక్ష తప్పిన అచ్చంపేట కుర్రాడని ఇంకొకరు. ఒక కథకూ ఇంకో కథకూ పొంతన లేదు. “ఏందీ” అన్న మాట మాత్రం అన్నిటిలోనూ ఉంది.

ఆ అలవాటు క్లాసులోకీ వచ్చింది. ఒకరోజు మేష్టరు పిలవగానే కోటయ్య లేచి, “నేను గాదండీ!” అన్నాడు. “నువ్వు కాకపోతే మీ తాత వచ్చి పాఠం చెబుతాడా?” అన్నారాయన. క్లాసంతా గొల్లుమంది. మేం ఆ ఏడాదంతా దాన్ని ఆటగానే ఆడాం.

కోటయ్య మా మేనమామ కొడుకు. వాళ్లది మాచవరం దగ్గర, మాది నాదెండ్ల దగ్గర. చిన్నప్పటి నుంచీ నేను వాణ్ణి బావా అంటాను, వాడూ నన్ను బావా అంటాడు. అందుకే ఆ మధ్యాహ్నం వచ్చిన పిలుపు ఎవరికో మాకు తెలియలేదు.

“ఎందుకు పలికావు బావా?” అన్నాను.

కోటయ్య ముఖం పాలిపోయింది. “పలికింది నువ్వు గదా! నీ గొంతే పిలిచింది, నీ గొంతే పలికింది.”

నేను విన్నది రెండుసార్లూ వాడి గొంతు.

వంట చేసే ఆదెమ్మ పిన్ని మజ్జిగ చెంబుతో బయటికి వచ్చింది. “ఏందయ్యా, పిలవని పేరంటంలాగా ఏందీ అంటన్నారు? మజ్జిగ వొద్దా?”

ఆమె ఏ పిలుపూ వినలేదు. జవాబు మాత్రం విన్నది. ఒక్కసారే.

“ఎవరన్నారు పిన్నీ?”

“మీ ఇద్దర్లో ఒకరు. నేను ఉట్టి మీద కుండ దించుతున్నా, మొగం చూళ్లేదు. అయినా మీ ఇద్దరి గొంతూ ఒకటే గదా, తెల్లారితే అరుపులే!”

సాయంత్రం మస్తాన్‌కు చెప్పాం. నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. “నేనేదో తమాషాకి చెప్పా గానీ...” అని ఆగాడు. “ఎవురు పలికారో తేల్చుకోండి. పలికినోణ్ణి ఒంటరిగా వొదలమాకండి,” అన్నాడు.

ఎలా తేల్చుకుంటాం? పలికింది కోటయ్య అని నాకు నమ్మకం. నేనే అని కోటయ్యకు నమ్మకం. నేను వాడికి కాపలా కాశాను, వాడు నాకు కాపలా కాశాడు. స్నానానికి పోతే వెంట పోయేవాళ్లం. అందరి ముందూ ఒకరినొకరం ఎగతాళి చేసుకునేవాళ్లం. మంచాలు దగ్గరికి జరుపుకున్నాం. పడుకునేటప్పుడు కోటయ్య తన పైపంచె చివర నా మణికట్టుకు కట్టేవాడు. ఎండ మండే వేళ వంటగది వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. మనుషులు పనులు మాని నీడ పట్టున చేరే ఆ వేళంటే నాకు చీకటి కంటే ఎక్కువ భయం పట్టుకుంది.

పరీక్షలయ్యాయి. ట్రంకు పెట్టెలు గేటు దగ్గర పెట్టి బండి కోసం చూస్తున్నాం. “పిన్నికి చెప్పొస్తా,” అని కోటయ్య లేచాడు. నేనూ లేచాను. “పెట్టెలెవరు చూస్తారు, కూచో. నాలుగడుగులేగా,” అన్నాడు. కూర్చున్నాను.

గుంట వైపు నుంచి “బావా!” అని వినిపించింది.

నేను పలకలేదు. పరుగెత్తాను. వంటగది దగ్గర కోటయ్య లేడు. గుంటలో ఉన్నాడు. నీళ్లు భుజాల దాకా వచ్చాయి. పంచె గాలికి ఉబ్బి వెనక తేలుతోంది. ఈదడం లేదు, తడబడటం లేదు. బజారుకు పోయే మనిషిలా నింపాదిగా నడుస్తున్నాడు. తల మునిగింది. నేను దూకాను. నీళ్లు ఎండకు పైన వెచ్చగా, లోపల మంచులా ఉన్నాయి. చేతికి చొక్కా తగిలింది. పట్టుకున్నాను.

ఆ తర్వాత జ్ఞాపకం గట్టు మీదనే. ఇద్దరం బోర్లా పడి నీళ్లు కక్కుతున్నాం. నా పిడికిట్లో కోటయ్య కాలరు. కోటయ్య పిడికిట్లో నా కాలరు.

“ఎందుకు దిగావు బావా?” అన్నాడు కోటయ్య ఏడుస్తూ. అదే మాట నా నోట్లోనూ ఉంది.

వాడు చెప్పింది ఇది: వంటగది మలుపు తిరిగేసరికి నేను గుంటలో నడిచిపోతున్నాను. నా తల మునిగింది. వాడు దూకాడు. చేతికి చొక్కా తగిలింది.

ఆదెమ్మ పిన్ని అరుపు విని వచ్చేసరికి మేం గట్టు మీదే ఉన్నాం. ఎవరు ముందు దిగారో ఆమె చూడలేదు. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

కోటయ్య చాలా ఏళ్లు పల్లెటూరి బళ్లలో పాఠాలు చెప్పాడు. నన్ను గుంటలోంచి లాగిన కథ తన పిల్లలకు చెప్పుకునేవాడు. వాణ్ణి లాగిన కథ నేను మా పిల్లలకు చెప్పాను. పెళ్లిళ్లలో కలిస్తే దీని మీద వాదులాడుకునేవాళ్లం. కోటయ్య చివరిసారి మంచాన పడ్డప్పుడు చూడటానికి వెళ్లి అడిగాను: “ఇప్పుడన్నా నిజం చెప్పు బావా, ఎవరు ఎవర్ని లాగారు?”

“నేనే నిన్ను లాగా,” అన్నాడు. మళ్లీ తనే, “ఎట్టా లాగానో మాత్రం తెలవదు,” అన్నాడు.

అది నాకూ తెలియదు. ఆ గుంట లోతు ఇద్దరు మనుషుల ఎత్తు. మా ఇద్దరికీ ఈత రాదు.