రేవుకు చేరని పడవ

2022 జూలైలో నన్ను కొత్తపేటలోని ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రానికి ఆరు నెలల డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను ఆసుపత్రి నాడీ విభాగంలో సీనియర్ ఈఈజీ టెక్నీషియన్‌ని. మూర్ఛ రోగుల మెదడు తరంగాలు నమోదు చేయడం నా పని. వీడియో గేములతో నాకు పరిచయం లేదు. చేతులు కదపలేని పిల్లలు మెదడు సంకేతంతో ఆడే ఆటను కిరణ్ అనే హైదరాబాదు డిజైనర్ తయారు చేస్తున్నాడు. మెదడు సంకేతాలు పట్టే ఎలక్ట్రోడ్లున్న టోపీని తలకు సరిగ్గా అమర్చే మనిషి అతనికి కావలసి వచ్చింది.

పద్ధతి ఇది. తెర మీద నాలుగు బాణాలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. కావలసిన బాణం మెరిసినప్పుడల్లా పిల్లలు మనసులో లెక్కపెట్టుకోవాలి. మెరిసిన కాసేపటికే, సెకనులో మూడో వంతు లోపు, మెదడు తరంగం కొద్దిగా లేస్తుంది. కంప్యూటరు దాన్ని పట్టుకుని పడవను ఆ దిక్కుకు నడుపుతుంది. ఎదుటి రేవు చేరితే ఆట పూర్తి. జుట్టుకు నూనె ఉంటే సంకేతం సరిగ్గా అందదు. కొబ్బరి నూనె రాయని తల కోసం ఈ ప్రాంతంలో ఎంత బతిమాలాలో నాకు అక్కడే తెలిసింది.

మలికిపురం వైపు నుంచి సత్యవతిగారు తొమ్మిదేళ్ల కూతురు ప్రసన్నను తీసుకువచ్చేవారు. పిల్లకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. మాట లేదు, చేతులు స్వాధీనంలో ఉండవు. అవుననడానికి కళ్లు పైకెత్తుతుంది. దానికేమీ అర్థం కాదని బంధువులు తేల్చేశారట. మూడు విడతల్లో ఒక్కసారైనా పడవను రేవు చేరిస్తే టోపీ, టాబ్లెట్ ఇంటికి ఇస్తారు. లేకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. నిర్ణయం కేంద్రం డాక్టరుగారిది, స్కోరు కిరణ్‌ది. ఫారంలో 'పరిశీలన' అనే గడి మాత్రం నాది.

మొదటి రెండు విడతలూ పోయాయి. "పాపకి అర్థం కావట్లేదేమో సార్," అన్నాడు కిరణ్ నాతో.

సత్యవతిగారు విన్నారు. "దానికన్నీ తెలుసండి. మీ టోపీకే ఏం తెలీట్లేదు. పిల్ల నెత్తి ఎండగట్టేసి ఏం ఆటే అని మా అత్తగారు నన్ను సాధిస్తున్నారు. అయినా తెచ్చేనండి."

మూడో విడతలో నేను స్కోరు చూడకుండా, పాత అలవాటు కొద్దీ, తరంగాలే చూస్తూ కూర్చున్నాను. అవి శుభ్రంగా ఉన్నాయి. సగం దూరం 'ముందుకు' బాణానికి లేచాయి. రేవు దగ్గరపడగానే 'వెనక్కి' బాణానికి, ప్రతిసారీ, అంతే స్పష్టంగా లేచాయి. కిరణ్ ప్రోగ్రాం వాటిని తప్పులుగా లెక్కగట్టింది.

"వెనక్కే వెళ్దామనుకున్నావా అమ్మా?" అని అడిగాను. కళ్లు పైకెత్తింది.

సత్యవతిగారు నవ్వేశారు. "ఆయ్, రేవొస్తే ఆట అయిపోద్ది కదండీ! టోపీ తీసేస్తారని దీనికి బెంగ. అంతేనే?"

మళ్లీ పైకెత్తింది.

కిరణ్ పాత రెండు విడతల స్కోర్లు తెరిచి చూశాడు. "రెండుసార్లు తప్పని రాసింది నేనే సార్," అన్నాడు.

"పోన్లెండి బాబూ, చిన్నపిల్ల దగ్గర ఓడిపోయేరు, పరువేం పోదు," అన్నారావిడ.

నా గడిలో ఇలా రాశాను: 'సంకేతం స్పష్టం. గమ్యం మనం పెట్టాం. పిల్ల వేరేది ఎంచుకుంది.' డాక్టరుగారు తరంగాలు తెప్పించి చూసి పేరు ఉంచారు; టోపీ ఇంటికిచ్చేదాకా విడతలు కేంద్రంలోనే సాగాయి.

రేవు చేరినా ఆట ఆగకుండా కిరణ్ మార్చాడు. అయితే ఎప్పుడు ఆపాలన్నది ఇంకా మా చేతిలోనే ఉంది. నాలుగు బాణాలతో పాటు మెరిసే ఐదో బొమ్మగా 'చాలు' అన్నది పెట్టమన్నాను. మా ఆవిడ మాట పడిపోయి మంచం మీద ఉన్న నాలుగు నెలలూ ఏం కావాలని అడిగాను గాని, 'ఇక చాలా?' అని ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి కిరణ్‌కు చెప్పలేదు.

రెండు వారాలు ప్రసన్న ఆ బొమ్మ జోలికి పోలేదు. తర్వాత ఒక రోజు, ఆట మొదలైన నాలుగు నిమిషాలకే, దాన్ని ఎంచుకుంది. విడతకు ఇంకా సమయం ఉంది. కిరణ్ నా వైపు చూశాడు. నేను టోపీ తీసేశాను.

చెప్పింది చేయలేకపోవడం వేరు, చేయకూడదనుకోవడం వేరు. స్కోరులో రెండింటికీ ఒకటే అంకె పడుతుంది. ఆ అంకె మీద సంతకం పెట్టేముందు పిల్లను అడగాలి.