ఒక్క దీర్ఘం తెచ్చిన పదిహేనేళ్ళ పగ

మా చిన్నప్పుడు... అంటే నా మనసులో ఇంకా ఏ పగా పుట్టని రోజుల్లో... ఆదివారం వస్తే సాకేత్‌లోని మా అద్దె ఇంట్లో సోఫాను గోడకు నిలువుగా నిలబెట్టేవాళ్ళు. ఆ ఖాళీలో అమ్మ జంపఖానా పరిచేది. ఢిల్లీలో ఉన్న మా తెలుగు క్రైస్తవ సంఘం, ఒక నలభై మంది, మోకాలికి మోకాలు తగిలేలా దానిమీద సర్దుకునేది.

వంటింట్లో గంగాళం నిండా పప్పుచారు. జియా సరాయ్ నుంచి సివిల్స్‌కు చదువుకునే అన్నయ్యలు బస్సెక్కి మరీ వచ్చేవారు... ప్రార్థన కోసమో పప్పుచారు కోసమో దేవునికే ఎరుక.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఆదివారం పిల్లలందరూ వరసగా ప్రార్థన చేయాలన్నారు. నేను హిందీలో చేస్తానన్నాను. స్కూల్లో హిందీ, వీధిలో హిందీ, కలలో కూడా హిందీయే కదా. అమ్మ ఒప్పుకోలేదు.

"తెలుగులో చెయ్యవే. హిందీలో చేస్తే అందరూ నవ్వుతారు."

ఆ మాట విన్నాను. అదే నా జీవితంలో జరిగిన మొదటి మోసం.

కళ్ళు మూసుకుని, గొంతు పెద్దది చేసుకుని ఎంతో భక్తిగా అన్నాను. "ప్రభువా, మా పాపలను క్షమించి, మా నుంచి దూరంగా తీసేయండి."

పాపాలు అనాలి. పాపలు అన్నాను. ఒక్క దీర్ఘం... అంతే. కానీ మా ఇంట్లో నాలుగేళ్ళ చెల్లెల్ని అందరూ పిలిచే పేరు పాప. పైగా ఆ ఉదయమే దాని జుట్టు పట్టుకుని లాగి అమ్మచేత దెబ్బలు తిన్నాను. చెల్లెలు ఒక్కసారిగా గొల్లుమంది.

"మమ్మీ, నేను నహీ జాతీ... అక్కనే తీసెయ్యమను."

మొదట నవ్విన మనిషి రత్నం అంకుల్. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, మా సంఘంలో కంజీర వాయించేది ఆయనే. ఆయన పొట్ట కదిలితే ఒళ్ళోని కంజీర గలగలమంది. దాంతో నలభై మందీ అందుకున్నారు.

అక్కడితో ఆగితే నేనూ క్షమించేదాన్నే. ఆగలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం గుమ్మంలో అడుగు పెడుతూనే ఆయన మొదటి మాట...

"ఏమ్మా, చెల్లెలు ఇంకా ఇక్కడే ఉందా? పైనుంచి జవాబు రాలేదా? అచ్ఛా, ఉపవాసం ఉండి అడుగు."

పగ తీర్చే పని తనదేనని దేవుడు అన్నట్టు మాకు సండే స్కూల్లో నేర్పారు. ఆయనకు పనులెక్కువ కదా అని నేనే కొంత సాయం చేయబోయాను. ఒకసారి అంకుల్ టీలో చెంచాడు ఉప్పు కలిపాను. మొత్తం తాగేసి, "ఢిల్లీ నీళ్ళు మారాయమ్మా" అన్నారు. అలాంటి మనిషితో ఏం యుద్ధం చేస్తాం?

కాలం గడిచింది... కరోనా వచ్చింది, ఆరాధన ఫోన్లోకి వెళ్ళింది. కరోనా పోయింది, ఆరాధన మాత్రం ఫోన్లోంచి బయటికి రాలేదు. నోయిడా నుంచి ఎవరొస్తారు, ట్రాఫిక్, ఎండ, పొగమంచు... అందరికీ ఒక కారణం ఉంది. నాకూ గుర్‌గావ్‌లో ఉద్యోగం వచ్చింది, పీజీ గదిలో దుప్పటి కప్పుకుని మరీ ఆరాధించేదాన్ని.

అలాంటి ఒక ఆదివారం... పాస్టరు గారి ప్రార్థన ఇరవయ్యో నిమిషంలో ఉండగా, మైకు ఆపడం మరిచిన రత్నం అంకుల్ భార్యతో అన్న మాట సంఘమంతా విన్నది.

"ఈయన ఆమెన్ అనేలోపు నాకు రిటైర్మెంట్ వచ్చేస్తుందే. నువ్వు అన్నం పెట్టెయ్."

నా పగను పరలోకమే పళ్ళెంలో పెట్టి అందించింది. మంచం మీద దొర్లి నవ్వాను. నవ్వి, తెర వైపు చూశాను... ముప్పై చిన్న గళ్ళు, అందరి మైకులూ బంద్. ఒక్క నవ్వూ వినిపించలేదు. ఎవరో ఆయన మైకు ఆపేశారు, పాస్టరు గారు కొనసాగించారు. చెల్లెలు ఒక నవ్వు బొమ్మ పంపింది. పక్కగది దీదీ వచ్చి "సబ్ ఠీక్ హై?" అని అడిగింది. అంతే. ఇన్నేళ్ళ పగ, ఎవరి చెవినా పడకుండా పోయింది.

తర్వాతి వారం నుంచి అంకుల్ కెమెరా ఆపేసుకున్నారు. కొన్నాళ్ళకు పేరు కూడా కనిపించలేదు.

నేను ఊరుకోలేదు. కలిసి కూడుకోవడం మానకూడదంటూ గ్రూపులో పేద్ద పేరా రాశాను. పెద్దలు వరసగా ఆమెన్‌లు పెట్టారు... నా అసలు ఉద్దేశం వాళ్ళకేం తెలుసు? ఏడాది వెంటపడితే చివరికి సాకేత్‌లో మా ఇంట్లోనే కూడుకోవడానికి ఒప్పుకున్నారు. అంకుల్‌కు నేనే మూడుసార్లు ఫోన్ చేశాను.

వచ్చారు. కంజీర తేలేదు. తలుపు పక్కన, చివర కూర్చున్నారు. గుమ్మంలో నన్ను చూసి కూడా ఏమీ అనలేదు.

భోజనాలకు పళ్ళేలు పట్టుకుని అందరూ నిలబడ్డాక, గరిటె చేతబట్టి గట్టిగా అన్నాను. "అంకుల్‌కి ముందు వడ్డించండి. ఆయన ఆమెన్ దాకా ఆగలేరు."

ఇల్లు నవ్వులతో దద్దరిల్లింది. పాస్టరు గారే ముందు మొదలుపెట్టి, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి నవ్వారు.

అంకుల్ తలవంచుకుని, నాకు మాత్రమే వినపడేలా అన్నారు. "ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఏడాదిగా చూస్తున్నానమ్మా. తిట్టలేదు, నవ్వలేదు... ఇంక నాతో ఎవరికీ పనిలేదనుకున్నా."

కళ్ళు తుడుచుకుని, పళ్ళెం ముందుకు చాపి, "పప్పుచారులో ముక్క కూడా వెయ్యి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళు దాచుకున్న పగ తీర్చుకుంటే, ఆయన దాన్ని దీవెనలా తీసుకున్నారు. ఇది చెల్లదు. అందుకే ఆయన మీద పగ తీర్చుకోవడానికి ఇప్పుడు ప్రతి ఆదివారం గుర్‌గావ్ నుంచి మెట్రోలో వెళ్తున్నాను.

మా వాళ్ళలో సగం మంది ఇంకా ఫోన్లోనే ఉన్నారు... అక్కడ తప్పు మాట్లాడితే ఎవరూ ఏడిపించరు. ఎంత మర్యాదో... ఎంత దిక్కులేనితనమో.

మీ సంఘంలో మీ తప్పుకు మొదట నవ్వినవాళ్ళెవరో కింద రాయండి. రాసి ఊరుకోకండి... ఈ ఆదివారం వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చోండి.