ఉంచాల్సిన గొంతు

రేడియో స్టేషన్లో పాత రికార్డింగులు చూసుకునే ఆమెను అందరూ ముక్తసరి అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఆమె "ఊఁ" అని పలుకుతుంది కూడా. ఒక్క అక్షరంతో పనైపోయే చోట రెండోది వాడటం ఆమె దృష్టిలో దండగ.

ఆమె గది మేడ మీద, నడవా చివర్న. గోడలకు మందపాటి బట్ట, తలుపు మూస్తే బయట లోకం ఉన్నట్టే ఉండదు. మధ్యాహ్నం పూట కిటికీ తెర మీంచి ఎండ నేల మీదికి జారి, కుర్చీ కాలు దాకా పాకుతుంది. అక్కడ కూర్చుంటే పొద్దు నీళ్లలో నడిచినట్టు మెల్లగా నడుస్తుంది.

కంప్యూటరు చేత చేయించే పనులన్నీ ఆమె షెల్ స్క్రిప్టులుగా, అంటే అది వరసగా పాటించాల్సిన ఆజ్ఞల చిట్టాలుగా, రాసిపెట్టుకుంది. దేనికి ఏం చెప్పాలన్నా ఒక అడ్డగీత, పక్కన ఒక అక్షరం, అంతే. పాతవి తుడిచే స్క్రిప్టుకు -k అంటే "ఈ ఫోల్డరు జోలికి పోకు" అని. దాని పక్కన ఫోల్డరు పేరివ్వాలి. -t అంటే "నిజంగా తుడవకు, ఏవి తుడుస్తావో చూపించు చాలు" అని.

"ఇవేం మంత్రాలండీ?" అని పక్క గది అనౌన్సరు తల పట్టుకునేవాడు. "--keep అనో --trial అనో పూర్తి మాట పెడితే మీ సొమ్మేం పోయింది? మీరు సెలవు పెడితే మా గతేంటి?"

"పెట్టను" అనేది ఆమె.

ఇలాంటి మనిషితో వాదించి ఎవరు బాగుపడ్డారు!

ఆమె నాన్న అదే స్టేషన్లో ఏళ్ల తరబడి వాతావరణ సమాచారం చదివాడు. "రేపు చిరుజల్లులు పడవచ్చు" అని ఆయనంటే, ఎండలో నిలబడి వింటున్నవాడికి కూడా ఒళ్లు చల్లబడేది. ఇంట్లోనూ ఒట్టి వాగుడుకాయ. ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు పోయింది. ఇప్పుడు ఏమడిగినా బల్ల మీద వేలితో తడతాడు. ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు.

నిన్నటి వాతావరణం ఎవరిక్కావాలి? స్టేషన్ వాళ్లు దాన్ని దాచరు. నాన్న చదివినవన్నీ ఆమే ఏరుకొచ్చి ఒక ఫోల్డర్లో పెట్టుకుంది. మిగతా రికార్డింగులకు నకళ్లున్నాయి, దీనికి లేదు. తీద్దాంలే, తీద్దాంలే అనుకుంటూనే ఉంది. అందుకే స్క్రిప్టు నడిపిన ప్రతిసారీ -k పక్కన ఆ ఫోల్డరు పేరు కొట్టేది.

ఆ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాన్న గొంతు వింటూ పని చేస్తోంది. "ఆకాశం పాక్షికంగా మేఘావృతమై ఉంటుంది..." కళ్లు సగం మూతలు పడ్డాయి. చిన్నప్పటి సాయంత్రమేదో, నాన్న భుజం మీద తను, పైన మెల్లగా కదిలే మబ్బులు. తుడిచేముందు ఏవేవి పోతాయో ఓసారి చూద్దామని స్క్రిప్టు పేరు కొట్టింది, -k కొట్టింది, -t కొట్టింది. మధ్యలో ఫోల్డరు పేరు మరిచిపోయింది.

-k పక్కన ఏదుంటే అదే పేరనుకోమని స్క్రిప్టుకు నేర్పింది ఆమే. పక్కన -t ఉంది. సరే, ఆ పేరున్నదాన్ని ముట్టుకోను అనుకుంది స్క్రిప్టు. ఆ పేరున్నది ఏదీ లేదు. ఊరికే చూపించమన్న మాట దాని చెవిన పడనే లేదు. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్లతో వచ్చే తంటా ఇదే, నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగి చావరు.

చెవుల్లో నాన్న చదవడం పూర్తయింది. తర్వాతిది మొదలవలేదు. ఆమె కళ్లు తెరిచింది.

ఫోల్డరు ఖాళీ. తెరిచి ఉన్న ఫైలును తుడిచినా, మూసేదాకా అది పూర్తిగా పోదు. ప్లేయరు ఇంకా వదలకుండా పట్టుకుని ఉన్న ఆ ఒక్క రికార్డింగే దక్కేలా ఉంది. ప్లేయరు మూయకుండా దాన్ని వేరే చోటికి తీసుకుంది. మిగతావి ఎంత వెతికినా రాలేదు. అప్పుడు ఏడ్చింది. ఆ గదిలో ఏడిస్తే బయటికి వినపడదు కూడా.

ఇంటికి బయల్దేరే ముందు స్క్రిప్టును తిరగరాసింది. పొట్టి అక్షరాలకు తోడుగా పూర్తి మాటలూ పెట్టింది. పేరుండాల్సిన చోట ఏమీ లేకపోయినా, అడ్డగీతతో మొదలయ్యేది కనపడినా, అక్కడే ఆగి "ఏది ఉంచాలి?" అని అడగమంది.

సాయంత్రం నాన్న ఎదురుగా కూర్చుని, మిగిలిన ఆ ఒక్కటీ ఫోన్లో వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మామూలుగా అయితే ఆమె "మిగతావి పోయాయి" అని ఊరుకునేది.

"నాన్నా, మిగతావన్నీ నా చేత్తో నేనే పోగొట్టాను. నీ గొంతు వింటూనే పోగొట్టాను. రోజూ మధ్యాహ్నం వినేదాన్ని, నీకెప్పుడూ చెప్పలేదు. వింటుంటే నువ్వు పక్కన కూర్చుని కబుర్లు చెప్తున్నట్టుండేది. ఇంటికొస్తే నువ్వు మాట్లాడలేవు, నాకేమో ఏం మాట్లాడాలో తెలీదు. అందుకని నిన్ను ఇంట్లో వదిలేసి, అక్కడ వినేదాన్ని..."

అలా ఎంతసేపు చెప్పిందో. తన దగ్గర అన్ని మాటలున్నాయని ఆమెకే తెలియదు. కిటికీలో వెలుగు పలచబడింది. చివరికి ఆగింది.

"మళ్లీ పెట్టనా, నాన్నా?" అంటూ ఫోను అందుకుంది.

ఆయన రెండుసార్లు తట్టాడు.

"మరి? నన్నే చెప్పమంటావా?"

ఒకసారి తట్టాడు.