మైలురాయి అవతలి గట్టు

రసూల్ సాహెబ్ ముప్పై మూడేళ్లు కేసీ కాలువ, అంటే కర్నూలు–కడప కాలువ మీద లస్కరుగా పనిచేశాడు. గట్టును కనిపెట్టుకుని ఉండడం, తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, నీటి మట్టం చూసి ఆఫీసుకు చెప్పడం లస్కరు పని. నందికొట్కూరుకు దగ్గర్లోని తన ఊరి లాకుల నుంచి తొమ్మిది మైళ్ల గట్టు అతని వంతు. రోజూ పొద్దున్నే సైకిలెక్కి ఆ తొమ్మిది మైళ్లూ పోయేవాడు. చివర సున్నం కొట్టిన మైలురాయి ఒకటి ఉండేది. అక్కడ సైకిలు తిప్పుకుని వెనక్కి వచ్చేవాడు. రాయి అవతలి గట్టు ఇంకో లస్కరుది.

ఆ కాలువ కడప దాకా పోతుందని అందరికీ తెలుసు. రసూల్ కడపకు పోయింది ఒకేసారి, పెద్ద దర్గా ఉరుసుకు. బస్సులో నిద్రపోతూ పోయాడు, నిద్రపోతూ వచ్చాడు. కాలువ ఎటు తిరిగిందో, ఎక్కడ ఆగిందో చూడలేదు.

కాలువ కింది భాగంలో చాపాడు వైపు ఓబులేష్ అని ఒక లస్కరు ఉండేవాడు. ఒక ఏడాది ఇంజనీరు ఇద్దరికీ ఒకరి నంబరు ఒకరికి ఇచ్చాడు. పైన నీళ్లు వదిలినప్పుడల్లా రసూల్ ఫోను చేసి, ఫలానా నాటికి మీకు అందుతాయని చెప్పేవాడు. నీళ్ల మాటతో మొదలైన ఫోను పిల్లల చదువుల మీదికి, మోకాళ్ల నొప్పుల మీదికి, వానల మీదికి పోయేది. పదేళ్లు అట్లా మాట్లాడుకున్నారు. ఒకరి మొహం ఒకరు ఎరగరు.

తర్వాత ఒక కరువు ఏడాది వచ్చింది. కాలువ చివరి పొలాలకు ఆఖరి తడి ఇవ్వాలని పైనుంచి పది రోజులు నీళ్లు వదిలారు. మధ్యలో ఎవరూ తోడుకోకూడదని ఆర్డరు. రసూల్ గట్టు మీద మాత్రం రైతులు పదకొండు మోటార్లు దించారు. అందులో ఒకటి అతని బామ్మర్ది ముస్తాక్‌ది. రెండు రోజులే, పైరు చచ్చిపోతాంది అని బతిమాలారు. రసూల్ ఆఫీసుకు చెప్పలేదు. ఆ రెండు రోజులూ కాలువ వైపు చూడకుండా మొహం తిప్పుకుని సైకిలు తొక్కాడు.

నీళ్లు ఓబులేష్ దాకా పోలేదు. అతను ఫోను చేసి, మీ కాడ ఎవరన్నా మోటార్లు ఏసినారా అన్నా అని అడిగాడు. లేదప్పా అన్నాడు రసూల్. ఓబులేష్ గుత్తకు చేసుకున్న రెండెకరాల వరి పాలు పోసుకునే దశలో ఎండిపోయింది. అసలు సంగతి అతనికి నెలలోపే ఎవరో చెప్పారు. ఆ తర్వాత అతను ఫోను చేయలేదు. చేసే ధైర్యం రసూల్‌కూ లేకపోయింది. మరుసటి ఏడు రసూల్ రిటైరయ్యాడు.

పని పోయినా పొద్దున్నే గట్టు మీదికి పోయే అలవాటు పోలేదు. ఒక డిసెంబరు ఆదివారం అట్లా పోతుంటే, గేర్ల సైకిళ్లు పక్కన పడుకోబెట్టి ఇద్దరు నేల మీద కూర్చుని కనిపించారు. ఒకామె నాగలత, కర్నూలులో ఫిజిక్స్ లెక్చరరు. రెండో అతను బ్యాంకులో పనిచేసే క్రాంతి కుమార్. ఇద్దరి టైర్లలోనూ పల్లేరు ముళ్లు దిగి గాలి పోయింది.

“ఈ గట్టున పల్లేర్లు శానా ఉండాయి మేడమ్,” అన్నాడు రసూల్. “ఆ దరి గట్టు మీద పోవాల. జీపు తిరిగే బాట, నున్నగా ఉంటాది.”

పంక్చర్లు వేయడానికి ముగ్గురికీ గంట పట్టింది. ఆ గంటలో నాగలత తమ కష్టం చెప్పింది. హైవే మీద లారీలు పక్కనుంచి పోతే ఆ గాలికే సైకిలు ఊగిపోతుంది. గుండె దడ లేకుండా, చెట్లూ చేలూ చూసుకుంటూ తొక్కగలిగే దారుల కోసం ప్రతి ఆదివారం వెతుకుతున్నారు. రసూల్‌కు నవ్వు వచ్చింది. ఇన్నేళ్లు తాను జీతానికి తొక్కిన బాటను వీళ్లు సెలవు రోజున వెతుక్కుంటూ వచ్చారు.

ఆ తర్వాత వాళ్లు చాలా ఆదివారాలు వచ్చారు. ఏ తూము దగ్గర దిగి నడవాలో, ఏ ఊళ్లో కుక్కలు వెంటపడతాయో, ఎవరి తోటలో బావి నీళ్లు తియ్యగా ఉంటాయో రసూల్ చెప్పేవాడు. నాగలత రాసుకునేది. ఒకరోజు మైలురాయి దగ్గర ఆగి, ఇక్కడి నుంచి దారి ఎట్లా ఉంటుందని అడిగింది.

“నాకు తెలీదమ్మా,” అన్నాడు రసూల్.

ఆమె అతని వైపు ఆశ్చర్యంగా చూసింది. చివరి దాకా పోదామా అని అడిగింది. నాలుగు రోజులు చాలన్నాడు క్రాంతి కుమార్.

రసూల్ ఇంటికొచ్చి ఆ మాట భార్య జులేఖా బీకి తానేదో తప్పు చేసినట్టు చెప్పాడు. అరవై రెండేళ్ల మనిషికి ఇదేం పని అంటుందనుకున్నాడు. ఆమె మిషను మీద జాకెట్టు కుట్టడం ఆపింది.

“ముప్పై ఏండ్లు ఆ నీళ్లను పంపిస్తానే ఉండావు. యాడికి పోతాండాయో ఒకసారి సూసి రాపో.”

జనవరిలో బయలుదేరారు. కాలువ నిండుగా పారుతోంది. వాళ్ల దగ్గర గేర్ల సైకిళ్లు, రసూల్ దగ్గర తన పాత నల్ల సైకిలు. మైలురాయి దాటేటప్పుడు అతను వేగం తగ్గించలేదు. అవతల కూడా అదే తుమ్మ చెట్లు, అదే ఎర్ర కంకర. కానీ ఒక్కో మలుపు దగ్గరా తర్వాత ఏముందో తెలియకపోవడం అతనికి హాయిగా అనిపించింది.

కొన్నిచోట్ల కాలువ వాగులో కలిసిపోయి కనిపించకుండా పోయింది. అప్పుడు పల్లె దారులు పట్టుకున్నారు. మిరప కళ్లాల పక్కగా, కోతకొచ్చిన శనగ చేల మధ్యగా, గంటకొక ఆటో కూడా రాని తారు రోడ్ల మీద పోయారు. సంతజూటూరు ఆనకట్ట దగ్గర నీళ్లు మళ్లీ కాలువై బయటికి వచ్చినప్పుడు, తప్పిపోయిన మేక దొరికినట్టు అయింది రసూల్‌కు. మొదటి రాత్రి ఒక బడిలో పడుకున్నారు, రెండో రాత్రి నంద్యాల దిగువన నాగలత స్నేహితురాలి ఇంట్లో.

మూడో రోజు రాజోలి ఆనకట్ట దాటాక రసూల్ పదేపదే వెనకబడసాగాడు. టీ తాగడానికి ఆగినప్పుడు నాగలత కారణం అడిగింది. అతను మోటార్ల సంగతి, ఫోనులో చెప్పిన అబద్ధం సంగతి దాచకుండా చెప్పాడు. ఓబులేష్ ఊరు ఇంకో ఆరు కిలోమీటర్లలో ఉంది. ఆమె సెల్లులో మ్యాపు చూసి, ఎడమ పక్క ఇంకో మంచి దారి ఉందని, ఆ ఊరు తగలకుండా పోవచ్చని చెప్పింది. ఏ దారిన పోదామో మీ ఇష్టం అంది.

రసూల్ గ్లాసు పెట్టేసి సైకిలెక్కి గట్టు వెంటే తిన్నగా తొక్కాడు.

ఊరి బయట తూము దగ్గర ఒక సన్నటి మనిషి బర్రెకు గడ్డి కోస్తున్నాడు. రసూల్ సైకిలు దిగి, ఓబులేష్ ఇల్లు యాడప్పా అని అడిగాడు. ఆ మనిషి కొడవలి పట్టుకునే నిలబడ్డాడు.

“ఆ గొంతు నేనెరుగుదు. రసూలన్నవు కదూ?”

రసూల్ సైకిలుకు స్టాండు వేసి అతని ముందుకు వచ్చాడు.

“ఆ యేడు నీకు అబద్ధం చెప్పినా ఓబులేషూ. పదకొండు మోటార్లు ఉండె. అందులో ఒగటి మా బామ్మర్దిది.”

“తెల్సు,” అన్నాడు ఓబులేష్. గడ్డిని మోపు కట్టాడు, ముడి బిగించాడు. “నీళ్లు రాకపోవడం మాకు కొత్త గాదన్నా. పై నుంచి కిందికి పారేదానికి అది మామూలే. నువ్వు లేదంటివి సూడు, అది మాత్రం శానా దినాలు కడుపులో ఉండె.”

రసూల్ తల వంచుకున్నాడు.

“మరిసిపోయినా అని చెప్పను,” అన్నాడు ఓబులేష్. “అయినా సైకిలేసుకోని ఇంత దూరం వస్తివి. రాండి, సంగటి అయింటాది.”

ఆ మధ్యాహ్నం నలుగురూ అతని అరుగు మీద రాగి సంగటి, శెనక్కాయల పచ్చడి తిన్నారు. మొదట నాగలతే మాట్లాడింది. తర్వాత లస్కర్లిద్దరూ షట్టర్ల గురించి, తుప్పు పట్టిన మరల గురించి మొదలుపెట్టారు, ఇక ఆగలేదు. రసూల్ మోకాలికి నొప్పి తైలం పట్టించుకుంటుంటే, ఓబులేష్ ఆ సీసా అడిగి తీసుకుని తన మోకాళ్లకూ రాసుకున్నాడు. మరుసటి రోజు అతనూ తన సైకిలు తీశాడు.

ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దాటాక కాలువ సన్నబడుతూ వచ్చింది. కడప ఇంకా రాకముందే ఒక పాయ పక్కకు విడిపోయింది. ఓబులేష్ దాని వెంట తీసుకుపోయాడు. పాయ పిల్లకాలువ అయింది. పిల్లకాలువ చివరికి ఒక మనిషి కాలు చాపి దాటగలిగేంత అయి, పసుపు చేలో దిగింది. అక్కడ రామలక్ష్మమ్మ అనే పెద్దామె చీర ఎగదోపుకుని పార పట్టుకుని నీళ్లు కడుతోంది.

రసూల్ ఆ నీళ్లలో కాళ్లు పెట్టి నిలబడ్డాడు. ఆమె యాడోళ్లప్పా మీరు అని అడిగింది. తాను నందికొట్కూరు తావునుంచి వచ్చానని, ఈ నీళ్లు తమ ఊరి లాకుల మీదుగానే వస్తాయని, ముప్పై మూడేళ్లు వాటిని తానే కిందికి వదిలానని రసూల్ చెప్పాడు.

ఆమె అంతా విన్నది.

“అట్లనా. రవ్వంత పక్కకు జరుగప్పా, మడవ తిప్పాల.”

ఓబులేష్ నవ్వాపుకోలేక గట్టు మీద కూలబడ్డాడు. రసూల్ కూడా నవ్వి, ఆమె చేతిలో పార అడిగి తీసుకున్నాడు. నిండిన మడికి మట్టి అడ్డం వేసి, పక్క మడికి దారి కొట్టాడు. నీళ్లు పసుపు మొదళ్ల మధ్యకు మెల్లగా పాకాయి. ఎండిన నేల నల్లబడుతూ పోయింది. ఆ మడి నిండేదాకా పార తిరిగి ఇవ్వలేదు.

నాగలత ఆ దారి అంతా తెలుగులో రాసి, ఎక్కడ ఆగాలో, ఎవరిని అడగాలో వివరంగా పెట్టి తోటి సైకిలు వాళ్లకు పంపింది. అప్పటి నుంచి ప్రతి జనవరిలో ఏడెనిమిది మంది వస్తున్నారు. కొత్తగా చేరినవాళ్లు తొందరపడి ముందుకు పోతుంటే, పోటీ ఏమీ లేదప్పా, చేను సూసుకుంటా రాండి అంటాడు రసూల్. ఈసారి వాళ్లు శ్రీశైలం దారి అడిగారు. ఆ ఘాటు ఎక్కడం తన వల్ల కాదని ఒప్పుకున్నాడు. కడప నుంచి ఒంటిమిట్టకు చెట్ల నీడన పల్లె దారి ఒకటి ఉందని ఓబులేష్ చెబుతున్నాడు. దాన్ని ముందుగా తొక్కి చూసి వస్తానని రసూల్ నిన్ననే గొలుసుకు నూనె పట్టించాడు.