ఇరవై ఆంపియర్ల అనుమానం

2017 జూలై 10. ఇరవై ఆంపియర్లు. గిటార్లు చేసే పరాచో ఊళ్ళో ఎపిగ్మేనియో ఇంటి వెనుక వసారాలో, గిటార్లకు చెక్క కోసే రంపపు యంత్రానికి అమర్చిన బ్రేకర్ సామర్థ్యం అది. ఆ ఉదయం నుంచి యంత్రం తిరగడం మొదలైన కాసేపటికే బ్రేకర్ పడిపోయి కరెంటు ఆగిపోసాగింది. ఆగస్టు తిరునాళ్ళకు ఒప్పుకున్న గిటార్లు ఇంకా పలకల దశ దాటలేదు.

అతని అనుమానం యంత్రం మీదికి కాక, గోడ మీది తీగ మీదికి పోయింది. అవతలి ఇంట్లో ఉండే ఎర్లిందా అతని కూతురికి బాప్తిస్మంలో నిలిచిన జ్ఞానతల్లి; ఆ వరసతో ఆమె అతనికి కొమాద్రే, అతను ఆమెకు కొంపాద్రే. ఆమె భర్త పోయినప్పుడు, ప్రార్థనలకు దీపాలు వెలగాలని ఎపిగ్మేనియోయే తన వసారా లైను నుంచి ఆ తీగను గోడ దాటించాడు. అలా ఇచ్చినదాన్ని తిరిగి అడగడం ఆ వీధిలో మర్యాద కాదు. ఇప్పుడు దానిపై ఒక ఫ్రిజ్ నడుస్తోంది. ఎర్లిందా బడి ముందు అమ్ముకొనే పాల జెల్లీలు అందులోనే గడ్డకడతాయి.

"కొమాద్రే, ఆ తీగకి ఇంకేం తగిలించావు?"

"ఫ్రిజ్జే. నీకు తెలీదా కొంపాద్రే?"

"నిన్న మిక్సీ చప్పుడు విన్నాను."

"అది మీ ఇంట్లోదే. మీ ఆవిడ మిరపకాయలు రుబ్బింది. ఆవిడనీ అడుగు, ఎవరి కరెంటు వాడుతోందో."

అతను నవ్వలేదు. కటింగ్ ప్లేయరు తెచ్చి తీగ కత్తిరించేశాడు.

బ్రేకర్ మళ్ళీ పడింది. ఎర్లిందా ఇంకో తీగ దాచిందేమోనని గోడ పొడవునా వెతికాడు. ఏమీ దొరకలేదు. అప్పుడు దీపాలూ సానయంత్రమూ తీసేసి, చెక్క పెట్టకుండా రంపాన్ని ఒక్కదాన్నే తిప్పాడు. అయినా పడింది. చివరకు మెయిన్ ఆపి, యంత్రపు తీగను పక్కనున్న అదే సామర్థ్యపు బ్రేకర్‌కు మార్చాడు. రంపం దళసరి దుంగను కూడా ఆగకుండా కోసింది.

పాత బ్రేకర్ ఊడదీస్తే దాని అంచు గోధుమరంగుకు మాడి ఉంది. తీగను పట్టే మర వదులైంది. ఆ వీధిలో అందరూ చేతికి అందేలా బ్రేకర్ల పెట్టెను రంపానికి ఎగువన, అదే గోడకు బిగిస్తారు. రంపపు అదురు మరను వదులు చేసింది. పొట్టు లోపలికి చేరింది. వేడెక్కిన బ్రేకర్ తనంతట తానే పడిపోతూ వచ్చింది.

అప్పటికి అవతల జెల్లీలు కరిగి నీరయ్యాయి.

మరుసటి వారం అతను పెట్టెను ఎదుటి గోడకు మార్చి, కొత్త తీగ చుట్టతో ఎర్లిందా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె అప్పటికే అటుపక్క ఇంటి నుంచి లైను తీసుకుంది.

"రండి, ఎపిగ్మేనియో గారూ. కూర్చుంటారా?" అంది.

ఆమె నోట అతను ఎన్నడూ 'మీరు' కాలేదు.