కార్ఖానాలో మొదలైన ప్రార్థన

మా ఇంట్లో ఏ సంగతి వచ్చినా నాన్న చెప్పే జవాబు ఒకటే: "ప్రార్థనలో పెడదాం." ఇంటికి వెల్ల వేయించాలన్నా ప్రార్థనలో పెట్టేవారు, నాకు కొత్త చెప్పులు కావాలన్నా ప్రార్థనలో పెట్టేవారు. పెట్టినవి పెట్టినట్టే ఉండేవి, బయటికి వచ్చినవి నేనెరగను. అందుకే ఢిల్లీలో ఉద్యోగం సంగతి చెప్పిన రోజు కూడా ఆయన ఆ మాటే అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

నాన్నది గుంటూరు వైపు. కార్ఖానా అనే పేటలో మిషన్ బడికి పంతులుగా వచ్చి అక్కడే స్థిరపడ్డారు. నేను పుట్టింది నిజాం రాజ్యంలో గనక సర్కారు బడిలో ఉర్దూలో చదువుకున్నాను. మా చర్చిలో ఆ ఉర్దూ ఎవరికీ అక్కర్లేదు. దేశం విడిపోయాక పంజాబు నుంచి వచ్చిన శరణార్థులకు ఢిల్లీ పక్కన శిబిరాలు వేశారు. ఆ పిల్లలు చదవగలిగింది ఉర్దూయే. వాళ్లకు పాఠాలు చెప్పడానికి ఆడపిల్లలు కావాలని నాన్న బడిలో ఉండే దొరసానికి కబురొచ్చింది. ఆవిడ నా గురించి చెప్పింది.

ఆ ఏడాది నన్ను పంపకపోవడానికి నాన్న దగ్గర గట్టి కారణమే ఉంది. రైళ్లు నడిస్తే నడిచినట్టు, లేకపోతే లేదు. నిజాం సరిహద్దు దాటే బళ్లలో సోదాలు, రజాకార్ల భయం. పెళ్లి కాని పిల్లను ఎలా పంపుతారు? నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కుదురు వస్తుందా? సాయంత్రమయ్యేసరికి వాకిట్లో నిలబడి, స్టేషన్ వైపు నుంచి కూత వినపడుతుందేమోనని చెవి ఒగ్గేదాన్ని. దీనికి కాలు ఒకచోట నిలవదని అమ్మ విసుక్కునేది.

పోలీసు యాక్షన్ జరిగింది. ఆ నాలుగైదు రోజులూ తలుపులు వేసుకుని కూర్చున్నాం. తరవాత తిరుమలగిరి రోడ్డు నిండా మిలిటరీ లారీలు. మా పక్కింటి ఉర్దూ మాస్టారు కుటుంబంతో సహా ఇంటికి తాళం పెట్టి ఎటో వెళ్లిపోయారు. నాకు ఉర్దూ మొదటి అక్షరం అలీఫ్ దిద్దించింది ఆయనే. ఆ తాళం కనపడకుండా తల తిప్పుకుని పోయేదాన్ని. అయినా నా తొందర నాది. రైళ్లు మళ్లీ సరిగా నడుస్తున్నాయని వినగానే దొరసాని దగ్గరికి పరిగెత్తాను. శిబిరంలో ఇంకా నా కోసమే చూస్తున్నారనీ, ఈసారి రాకపోతే మరొకరిని పెట్టుకుంటారనీ ఆవిడ చెప్పింది.

నాన్నకు చెప్పాను. "ప్రార్థనలో పెడదాం," అన్నారు.

"పెట్టి ఏడాదైంది నాన్నా," అన్నాను.

ఆయన కండువా వేసుకుని బడికి వెళ్లిపోయారు. అమ్మ మాత్రం మర్నాడే నా ట్రంకుపెట్టె దులిపి సర్దడం మొదలుపెట్టింది. ఖాజీపేట దాకా తోడొచ్చి అక్కడ ఢిల్లీ బండి ఎక్కిస్తానని నాన్న ఆవిడతో చెప్పారట. నాతో ఒక్క ముక్క అనలేదు. నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే. వెళ్లిరా అని ఆయన నోటితో అనకుండా వెళ్లడం నాకు ఇష్టం లేదు. వెళ్లకుండా ఉండిపోవడం అంతకంటే ఇష్టం లేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే జట్కా వచ్చి గుమ్మం ముందు నిలబడింది. మా ఇళ్లల్లో ప్రయాణమంటే ముందు మోకాళ్లూనాలి. నాన్న మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనకు ఒక వరస ఉంది. ముందు ప్రభుత్వం, తరవాత సంఘం, బడి, రోగులు, చిట్టచివర మేము. ఇదివరకు ప్రభుత్వమంటే నిజాం ప్రభువు ఒక్కరే. ఇప్పుడు ఆయనా ఉన్నారు, మిలిటరీ గవర్నరూ వచ్చారు, పైన ఢిల్లీ ఉంది. ఎవరిని వదిలేస్తే ఏం తంటానో అని నాన్న ముగ్గురికీ విడివిడిగా ఆశీర్వాదం అడిగారు. తాళం పెట్టి వెళ్లినవాళ్లను ఎక్కడున్నా కాపాడమన్నారు. నేను ఒక కన్ను తెరిచి గడియారం చూస్తున్నాను.

బయట జట్కావాడు ఊరుకోవడం లేదు. "ఏందమ్మా గిట్ల జేస్తున్రు? బండి పోతది. జెర జల్దీ రాండ్రి!"

నాన్న అప్పటికి రోగుల దగ్గరున్నారు. ఆయన కావాలనే సాగదీస్తున్నారని నాకు అప్పుడు తట్టింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నా బండి తప్పించాలని చూస్తున్నారు. మోకాళ్ల మీద ఉన్న మనిషిని ఏమనగలను? పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఎట్టకేలకు నా దగ్గరికొచ్చారు.

"ప్రభువా, ఈ బిడ్డ పుట్టిన దినమున నేను నిన్ను ఒకటి అడిగితిని..." అని ఊపిరి తీసుకున్నారు.

"ఆమేన్!" అంది అమ్మ.

ఒకరు చేస్తున్న ప్రార్థనకు మరొకరు ఆమేన్ చెప్పి మూసేయడం మా సంఘంలో కనీవినీ ఎరగం, అందులోనూ పెళ్లాం. నాన్న కళ్లు తెరిచి చూసేసరికి అమ్మ లేచి ట్రంకుపెట్టె ఎత్తుతోంది.

"మిగతాది దారిలో చేసుకోండి," అంది.

బండి అందింది. ఎలా అందిందో ఆ గుర్రానికే తెలియాలి. నాన్న సీటు చూసుకుని కూర్చున్నారు. నేను కూర్చుంటే కదా, భువనగిరి గుట్ట వచ్చిందాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. స్టేషన్లలో తుపాకులు పట్టుకున్న సిపాయిలు కనిపిస్తున్నారు. మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆలేరు దాటాక ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"నేను పుట్టినప్పుడు ఏం అడిగారు నాన్నా?"

"ప్రార్థన అయిపోయిందిగా. మీ అమ్మ ఆమేన్ అంది," అన్నారు బయటికి చూస్తూ.

అలిగారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఖాజీపేటలో ఢిల్లీ బండి కాసేపే ఆగింది. నాన్న ఆడవాళ్ల పెట్టె వెతికి, సామాను ఎక్కించి, మంచినీళ్ల కూజా నా కాళ్ల దగ్గర పెట్టి దిగారు. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు. "కూజా జాగ్రత్త," అన్నారు. అంతే. గార్డు ఈల వేశాడు. కూజా గురించి తప్ప ఇంకేమీ మాట్లాడకుండానే ఈ మనిషి నన్ను పంపేస్తున్నారని కోపమొచ్చి కూజాను కాలితో సీటు కిందికి నెట్టాను.

బండి కదిలింది. నాన్న ఊచ వదల్లేదు, బండితో పాటు నడుస్తున్నారు. ఉన్నట్టుండి గట్టిగా మొదలుపెట్టారు.

"ప్రభువా! దీనికంటే ముందు ఇద్దరిని తీసుకున్నావు. దీన్నయినా నా కళ్ల ముందు ఉంచమని అడిగాను. ఇన్నాళ్లూ ఉంచావు, చాలు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. దీన్ని వెళ్లనీ..."

నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిటిలోనే పోయారని అమ్మ ఎప్పుడో చెప్పింది. నాన్న నోట ఆ మాట వినడం అదే మొదలు. ఇప్పుడు 'అడిగితిని' అనే గ్రంథపు భాషా లేదు, వరసా లేదు. కళ్లు తెరుచుకుని నా ముఖంలోకి చూస్తూ ప్రార్థిస్తున్నారు. ఆయన అలా చేయగా నేనెన్నడూ చూడలేదు. ఇంకా ఏదో అంటున్నారు. బండి జోరందుకుంది, ప్లాట్‌ఫారం అయిపోయింది. ఆమేన్ మాత్రం వినపడలేదు.

బల్లార్షా, నాగపూర్, ఇటార్సీ. భాష మారింది, నీళ్ల రుచి మారింది, చలి ఎక్కువైంది. నేను కిటికీ నుంచి తలుపుకీ, తలుపు నుంచి కిటికీకీ తిరుగుతూనే ఉన్నాను. ఏడాది ఎదురుచూసిన ప్రయాణం. ఒకసారి దిగి వెనక్కి పోదామనిపించేది, ఇంకోసారి ఈ బండి ఇంకా తొందరగా పోదేమని విసుగొచ్చేది. పులిహోర పొట్లం విప్పితే చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో నాన్న ఆమేన్ అనందే మేము తినడం మొదలుపెట్టం.

ఎదురు సీట్లో ఒక పంజాబీ ముసలమ్మ అంతా చూస్తూ ఉంది. "కూర్చో బేటీ. నువ్వు నడిస్తే బండి తొందరగా పోదు," అంది ఉర్దూ కలిసిన తన భాషలో.

ఢిల్లీ వస్తోందని అందరూ మూటలు కట్టుకుంటుంటే అప్పుడు కూర్చున్నాను. కళ్లు మూసుకుని, పైకే, "ఆమేన్," అన్నాను.

అదేం మాటని ముసలమ్మ అడిగింది. మా నాన్న ఇంటి దగ్గర మొదలుపెట్టిన ప్రార్థన ఇప్పటికి పూర్తయిందని ఉర్దూలో చెప్పాను.

"అంత పొడుగు ప్రార్థనా?" అంది.

"మా నాన్న ప్రార్థనలు ఎప్పుడూ అంతేనమ్మా," అన్నాను. అన్నానే గానీ, స్టేషన్ వచ్చిందాకా నాకు ఏడుపు ఆగలేదు.